పలుగు పడకముందే ప్లాను దిద్దుకొనవలెను

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. ఈ రెండు కార్యములందును మనుష్యుని జీవితార్జితము వ్యయమగును. రెంటియందును చేసిన పొరపాటు తరతరములు వెంబడించును. అయినను పెండ్లికి ముందు వధూవరులను గూర్చి నెలల తరబడి విచారించు గృహస్థుడు, ఇంటికి ముందు ప్లానును గూర్చి ఒక పూటయైనను విచారింపడు. ఇంజనీరు గీసియిచ్చిన కాగితముపై చేవ్రాలు చేసి, కార్పొరేషను అనుమతి చేతికి వచ్చిన మరునాడే మేస్త్రిని పిలిచి ముగ్గు పోయించును. పిదప గోడలు లేచుచుండగా, ఈ గది చాలదనియు, ఆ మెట్లు ఇటు త్రిప్పుమనియు, ఈ పిల్లరు కంటికి అడ్డుగా నున్నదనియు మార్పులకు దొరకొనును. కాగితముపై రబ్బరుతో పోవలసిన గీత అప్పుడు సమ్మెటతో గాని పోదు.

కృష్ణా డెల్టాలో, అందును ముఖ్యముగా విజయవాడ నగరమున, ఇల్లు కట్టదలచిన ప్రతి గృహస్థునకును, ఆ ఇండ్లకు అనుమతి నిచ్చు ప్రతి అధికారికిని మేము నేడు విన్నవింపదలచిన విషయ మొక్కటియే. అనుమతి పొందిన ప్లానును మార్చుకొనుట నేరము కాదు. దానికి తగిన కాలము కలదు, తగిన ద్వారము కలదు. అనుమతికిని మొదటి పలుగుపోటుకును నడుమ నున్నదే ఆ కాలము. సవరించిన ప్లానును మరల దాఖలు చేసి ఆమోదము పొందుటయే ఆ ద్వారము. ఆ సింహద్వారమును ఇరుకుగా నుంచి, ఇల్లు పూర్తియైన పిదప రుసుము కట్టించుకొని మన్నించు దొడ్డిదారిని మాటిమాటికిని తెరచుచుండుట వలననే మన పట్టణములు ఈ గతికి వచ్చినవి.

మార్పు కోరుట యెల్ల చాపల్యమే యని మేము అనము. ప్లాను గీయించిన నాటికిని పని మొదలగు నాటికిని నడుమ సంసారములో ఎన్నియో జరుగును. పల్లెనుండి వృద్ధులైన తల్లిదండ్రులు వచ్చి యుండవలసి వచ్చును. అప్పుడు మేడమీది పడకగది క్రిందికి దిగవలెను. విదేశమున నున్న కుమారుడు ఇక రానని వ్రాయును. రెండవ అంతస్తుతో పనిలేకపోవును. సిమెంటు ధరయు ఇనుము ధరయు పెరుగును. తలపెట్టినదానిలో కొంత తగ్గించుకొనక తప్పదు. సిద్ధాంతి వచ్చి వంటగది ఆగ్నేయమున లేదని పెదవి విరుచును. ఎదుటి వీథికి మరల కాంక్రీటు వేసి అడుగెత్తు పెంచుదురు. స్థలమున గొయ్యి త్రవ్వి చూడగా ఇంజనీరు ఊహించిన నేలకును కంటబడిన నేలకును పొంత కుదరదు. ఇవి యన్నియు న్యాయమైన కారణములే. ఇల్లు మనుష్యుల కొరకు గాని మనుష్యులు ప్లాను కొరకు కారు. అయినను మార్పు న్యాయమైనదగుట వేరు, మార్చు విధానము న్యాయమైనదగుట వేరు.

అనుమతి పొందిన ప్లాను కేవలము యజమాని సొత్తు కాదు. అది యజమానికిని పురమునకును నడుమ కుదిరిన ఒడంబడిక. బెజవాడకు 1888లో మునిసిపాలిటీ ఏర్పడెను. 1981లో అది కార్పొరేషను ఆయెను. ఈ దీర్ఘకాలమున మారిన చట్టము లెన్నియైనను వాని సారాంశ మొక్కటియే: నీ స్థలము నీదే, కాని దానిమీద వీచు గాలి, దానిపై పడు వెలుతురు, దానినుండి పారు వాననీరు నీ యొక్కనివి కావు. నేడు అమలులోనున్న భవన నిర్మాణ నియమములు 2017లో వెలువడినవి. ఇంటి నాలుగు ప్రక్కలను ఇంతింత ఖాళీ విడువవలెనని వానియందు విధించుట ఇంజనీర్ల వినోదమునకు కాదు. ఆ ఖాళీ ప్రక్కయింటి వంటగదికి గాలి. వీథి చివర నిప్పంటుకొన్నప్పుడు అగ్నిమాపక యంత్రమునకు దారి. వాన కురిసినప్పుడు నీటికి ఇంకుచోటు. ముందువైపు తప్ప తక్కిన వైపులలో నూటికి పదివంతుల వరకు ఏర్పడు లోపమును అపరాధరుసుముపై మన్నించుటకు ఆ నియమములు వీలు కల్పించినవి. పనివాని చేతిలో త్రాడు జరిగి కలుగు లోపమునకు ఉద్దేశించిన ఈ దయను అనేకులు తమ హక్కుగా భావించి, మొదటినుండియు ఆ పదివంతులను కలుపుకొనియే గోడ లేపుచున్నారు. ఇది మార్పు కాదు, ఆక్రమణము.

ఇక మార్పులన్నియు ఒక్క తరగతివి కావు. బరువు మోయని అడ్డుగోడను రెండడుగులు జరుపుట, తలుపును ఇటునుండి అటు మార్చుట యొక తరగతి. వాని లాభనష్టములు ఆ యింటివారివే. పిల్లరును జరుపుట, బీమును తొలగించుట, శ్లాబును ముందునకు చాచుట, అంతస్తు పెంచుట, మెట్లగదిని మార్చుట రెండవ తరగతి. ఇవి ఇంటి ఎముకలకు సంబంధించినవి. ఖాళీ జాగాలోనికి వచ్చుట, వాహనములు నిలుపుటకు విడిచిన అడుగు అంతస్తును గదులుగా చేయుట, మురుగు పారు దారిని మార్చుట మూడవ తరగతి. ఇవి ఇరుగుపొరుగునకు సంబంధించినవి. మొదటి తరగతి మార్పునైనను లైసెన్సుగల ఇంజనీరును అడిగి చేయుట వివేకము. తక్కిన రెండు తరగతుల మార్పులను కొత్త ఆమోదము లేక చేయుట ఆత్మహానియు పరహానియు నగును.

రెండవ తరగతిని గూర్చి డెల్టావాసులు ప్రత్యేకముగ ఆలోచింపవలెను. మన నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు బీటలు వారును. ఏడాదికొకసారి ఊపిరి పీల్చి విడుచు ఈ నేలపై కొండరాతి నేలకు చాలిన పునాది చాలదు. అందులకే రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థవారు అడుగున గంటవలె విచ్చుకొనియుండు పైలు పునాదులను ఇట్టి నేలల కొరకు రూపొందించిరి. ఇంతేకాదు, భూకంపముల విషయమై 2002లో సవరించిన భారత ప్రమాణము విజయవాడను మూడవ మండలమున చేర్చెను. ఏ పిల్లరుపై ఎంత భారము పడునో, ఆ పిల్లరు క్రింది నేల ఎంత మోయగలదో లెక్కించి ఇంజనీరు ప్లాను సిద్ధపరచును. పని నడుమ "ఈ పిల్లరును అడుగు ప్రక్కకు జరుపుము" అని మేస్త్రితో చెప్పినప్పుడు జరుగునది పిల్లరు మాత్రమే కాదు, ఆ లెక్క యంతయు జరిగిపోవును. మేస్త్రి చేతిపనియందు ఎంత నేర్పరియైనను ఆ లెక్క ఆయన పని కాదు.

కాగితముపై ముందే మార్చినంత మాత్రమున సర్వము క్షేమమని తలచుటయు పొరపాటే. అమెరికాలోని కాన్సాస్ నగరమున హయత్ రీజెన్సీ యను హోటలులో 1981 జూలై 17వ తేదీన వ్రేలాడు నడవలు కూలి 114 మంది మరణించిరి. పైకప్పునుండి దిగు ఒకే ఇనుపకడ్డీల వరుసతో రెండు నడవలను వ్రేలాడదీయవలెనని మొదటి ప్లాను. బిగించుట సులభమగునని ఆ కడ్డీలను రెండు వరుసలుగా మార్చి, క్రింది నడవను పై నడవ బీములకు తగిలించిరి. చూపునకు ఇది అత్యల్పమైన మార్పు. కాని పై బీముల బిగింపుపై పడు భారము రెండింతలాయెను. మార్పు కాగితములమీదనే జరిగెను, ముద్రయు పడెను. లెక్క మాత్రము మరల ఎవ్వరును చేయలేదు. కనుక సవరించిన ప్లానుకు కావలసినది ముద్ర యొక్కటియే కాదు, ముద్రకు వెనుక మరల వేసిన లెక్క.

మూడవ తరగతి మార్పుల ఫలమును విజయవాడ 2024 సెప్టెంబరు మొదటివారమున అనుభవించెను. సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకు పారెను. 1957లో బ్యారేజి ఏర్పడిన తరువాత అంతటి ప్రవాహము ఎన్నడును లేదు. నగరమునకు ఉత్తరమున బుడమేరు గట్టునకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురము మొదలగు పేటలు దినముల తరబడి నీట మునిగి యుండెను. గండ్లు పడుటకు కారణములు వేరు. దానికి గృహస్థుల ప్లానులను తప్పుపట్టుట న్యాయము కాదు. కాని వచ్చిన నీరు ఎవరి యింట ఎంత యెత్తున నిలిచెను, ఎన్ని దినములు నిలిచెను అను ప్రశ్నకు ప్లానులలోనే సమాధానము దొరకును. అడుగు అంతస్తును ప్లానులో చూపినట్లు ఖాళీగా విడిచిన యిండ్లలో మునిగినవి వాహనములు. ఆ ఖాళీని గోడలతో మూసి కాపురములు పెట్టినచోట మునిగినవి మంచములు, వంటపాత్రలు, పిల్లల పుస్తకములు. ఇంటింటికి నడుమ విడువవలసిన జాగాలు మూసికొనిపోయిన వీథులలో నీటికి వచ్చుటకు దారి దొరకెను గాని పోవుటకు దొరకలేదు.

మన పూర్వులు ఈ విషయమున మనకంటె వివేకవంతులు. డెల్టా గ్రామములలో నేటికిని నిలిచియున్న మండువా లోగిళ్లను చూడుడు. వీథికంటె ఎత్తయిన అరుగు, ఆ అరుగునకు మెట్లు, నడుమ వాననీరు దిగి పోవుటకు మండువా. ఏటి నీరును సముద్రపు ఉప్పెనయు ఎరిగినవారు కట్టిన యిండ్లవి. 1864లో బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనల జ్ఞాపకము ఈ నేలకు కలదు. కాబట్టి అనుమతి పొందిన పిదప డెల్టా గృహస్థుడు కోరవలసిన మొదటి మార్పు గోపురమో, అద్దాల ముఖద్వారమో కాదు. 2024లో తన వీథిలో నీరు ఎంత యెత్తు నిలిచెనో విచారించి ఇంటి అరుగు ఎత్తును దిద్దుకొనుట. ఈ మార్పునైనను చాటుగా చేయరాదు. ఒకడు తన స్థలమును మాత్రము మట్టితో మెరకచేసిన, అతని వాటా నీరు ప్రక్కవాని ముంగిటికి పోవును. అందరి యెత్తును కార్పొరేషను లెక్కలో నుండినప్పుడే కాలువ లోతు ఎంత, వీథి వాలు ఎటు అను విషయము తేలును.

మార్పునకు కాలము ముఖ్యమని చెప్పితిమి. ఇందులకు దూరదేశముల నిదర్శనములతో పనిలేదు. ఏటి ఆవలి యొడ్డుననే ఒకటి కలదు. అమరావతికి 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగెను. పరిపాలనా నగర నిర్మాణమునకు 2016లో జపానుకు చెందిన మాకి సంస్థవారి నమూనాను ఎన్నుకొని, పిదప దానిని విడిచి ఇంగ్లండునకు చెందిన ఫాస్టర్ సంస్థవారికి ఆ పని అప్పగించిరి. నమూనాలు మారినంత కాలము ఖర్చయినది కాలము, కాగితము, రుసుములు. కాని 2018, 2019 సంవత్సరములలో సచివాలయ భవనములకు పునాదులు పడిన పిదప 2019లో పనులు నిలిచెను. ఆ పునాదులు ఏండ్ల తరబడి నీటిలో నానెను. 2024లో నీరు తోడించి, అవి పనికివచ్చునో లేదో పరీక్షించుటకు ఐఐటీ నిపుణులను పిలువవలసి వచ్చెను. ఏ పక్షమువారిది న్యాయమను వాదము మాకు ఇచ్చట అక్కరలేదు. పునాదికి ముందు మారిన మనస్సునకు వెల వేలలో నుండిన, పునాది పిదప మారిన మనస్సునకు వెల కోట్లలో నుండునను సత్యమును మాత్రము ప్రతి గృహస్థుడును తన స్థాయిలో గ్రహింపవలెను.

ఇంత తెలిసియు జనులు ముందే ఏల మార్చుకొనరు? దోషమంతయు జనులదే యనుట అన్యాయము. ప్లానులను ఆన్‌లైనులో పరిశీలించు పద్ధతి వచ్చి సంవత్సరములు గడచినను, సవరించిన ప్లాను దాఖలు చేయుమన్నంతనే సామాన్యుడు బెదరును. మొదటి అనుమతికి తిరిగిన తిరుగుడు, కట్టిన రుసుము, విన్న మాటలు కన్నులయెదుట మెదలును. మరల దాఖలు చేసిన నెలలు పట్టునేమో, ఉన్న అనుమతియు పోవునేమో యని భయము. బ్యాంకువారు మొదటి ప్లానును చూచి అప్పు మంజూరు చేసియుందురు, ముహూర్తము సమీపించుచుండును, అద్దెయింటి అద్దె నడచుచుండును. ఇటువైపు ఇన్ని చిక్కులుండగా అటువైపు ప్రభుత్వము చూపిన దారి ఎట్టిది? అనుమతి లేని కట్టడములను, అనుమతిని మీరిన కట్టడములను రుసుముపై క్రమబద్ధము చేయు పథకమును 2007లో ప్రకటించిరి. 2015లో మరల ప్రకటించిరి. 2019లో మరల ప్రకటించిరి. ప్రతిసారియు ఇదియే చివరిసారి యని జనులకు వినబడును. ప్రతిసారియు మరియొకటి వచ్చునని జనులకు తెలియును. చట్టము ననుసరించి ముందే ప్లాను దిద్దుకొనినవాడు కాలమును ధనమును వెచ్చించి వెనుకబడెను. మీరి కట్టినవాడు ఒక గది అధికముగా సంపాదించి, తీరికగా రుసుము చెల్లించి పెద్దమనిషి యాయెను. ఇట్లు బుద్ధిమంతుని శిక్షించి తెంపరిని సత్కరించు విధానమును పాలన యనవచ్చునా?

సుప్రీంకోర్టు ఈ విషయమున స్పష్టముగా పలికినది. మీరట్ నగరమునకు చెందిన యొక వ్యాజ్యమున 2024 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పులో, కాలయాపన గాని, అధికారుల అలసత్వము గాని, వెచ్చించిన ధనము గాని అక్రమ కట్టడమును సక్రమము చేయజాలవని చెప్పెను. ఆమోదించిన ప్లానును నిర్మాణకాలమంతయు స్థలమున ప్రదర్శింపవలెననియు, పూర్తి ధ్రువపత్రము చూచిన పిదపనే విద్యుత్తు, నీటి కనెక్షన్లు ఇయ్యవలెననియు, తప్పుగా అనుమతించిన అధికారులపై చర్య తీసికొనవలెననియు ఆదేశించెను. కావున దొడ్డిదారి ఎల్లకాలము తెరచియుండునని నమ్మి నేడు గోడ లేపువాడు రేపు తన సంతానమునకు చీకటి యింటిని, దస్తావేజుల చిక్కును ఆస్తిగా ఇచ్చుచున్నాడు.

విజయవాడలో గ్రూపు హౌసుల సంగతి మరింత సున్నితమైనది. అచ్చట ప్లాను మార్చువాడు ఒకడు, అందు కాపురముండువారు వేరొకరు. 2016 నాటి రెరా చట్టపు 14వ సెక్షను ప్రకారము, కొనుగోలుదారులలో మూడింట రెండువంతుల మంది వ్రాతపూర్వకమైన సమ్మతి లేక నిర్మాత ఆమోదిత ప్లానును మార్చరాదు. ఒకరి ఫ్లాటులో మార్పునకు, చిన్నచిన్నవి తప్ప, ఆ యజమాని సమ్మతి ముందుగా పొందవలెను. కాని స్థలము 500 చదరపు మీటర్లకు మించకున్నను, ఫ్లాట్లు ఎనిమిదింటికి మించకున్నను ఆ చట్టము క్రింద రిజిస్ట్రేషను అక్కరలేదు. మన నగరపు ఇరుకు స్థలములలో లేచు గ్రూపు హౌసులు అనేకము ఈ సందునుండి జారిపోవును. కనుక కొనువారు గోడల రంగును, వంటగది బండను చూచుటకు ముందు, ఆమోదించిన ప్లానును చేతబట్టుకొని గదులను కొలిచి చూచుకొనవలెను.

ఇక చేయవలసిన దేమి? పని మొదలుకాక ముందు దాఖలైన సవరణను కొత్త దరఖాస్తుగా భావించి ఆదినుండి పరిశీలింపక, మారిన భాగమును మాత్రమే పరిశీలించి, నిర్ణీతమైన కొలది దినములలో తీర్పు చెప్పవలెను. అభ్యంతరములున్న అన్నింటిని ఒక్కమారే వ్రాసి తెలుపవలెను. వాయిదాకొక అభ్యంతరము పుట్టింపరాదు. పలుగు పడక ముందు మార్పునకు రుసుము నామమాత్రముగ నుండవలెను. గోడ లేచిన పిదప మార్పునకు రుసుము భరింపరానిదిగా నుండవలెను. ప్రతి పేటలోను 2024 నాటి నీటిమట్టమును గుర్తించి, ప్రతి ప్లానులోను అరుగు ఎత్తును దానితో పోల్చి చూపింపవలెను. స్థలమున ప్రదర్శించు ప్లాను తెలుగులో నుండవలెను. దారిన పోవు పొరుగువానికి అర్థము కాని ప్రదర్శనము ప్రదర్శనమే కాదు. ఇకమీదట మొదలగు ఇండ్లకు క్రమబద్ధీకరణ పథకము ఎన్నడును వర్తింపదని శాసనసభ యందే ప్రకటింపవలెను.

గృహస్థులకును ఒక మాట. అనుమతి చేతికి వచ్చిన పిదప ఒక నెల ఓపిక పట్టుడు. ముహూర్తము మించిపోవునని భయపడనక్కరలేదు. ఈశాన్యమున శంకువు నాటి పూజ జరుపుకొనుడు, త్రవ్వకము మాత్రము నిలుపుడు. ఆ నెలలో ఇంటనున్న వృద్ధులను, స్త్రీలను, పిల్లలను కూర్చుండబెట్టి ప్లానును పరచి చూపుడు. వంటచేయు తల్లి నడుగుడు, మెట్లెక్కలేని తాత నడుగుడు. సిద్ధాంతిని పిలువవలెనన్న అప్పుడే పిలువుడు. గోడలు లేచిన పిదప ఆయన మాట వినుట ఇంటికిని క్షేమము కాదు, శాస్త్రమునకును మర్యాద కాదు. స్థలముపై సున్నముతో గదులు గీసి, వానిలో నిలువబడి చూడుడు. ప్రక్కయింటివారిని పిలిచి, వారి కిటికీ ఎటున్నదో, వారి నీరు ఎటు పోవునో తెలిసికొనుడు. మార్చవలసిన దంతయు మార్చి, ఇంజనీరుచేత మరల లెక్క వేయించి, కార్పొరేషనులో ఆమోదము పొందుడు. అటుపిమ్మట ప్లానును చుట్టి పెట్టెలో పెట్టక మేస్త్రి చేతికిచ్చి, గీత దాటవలదని చెప్పుడు.

నీరు పోయిన పిదప కట్ట కట్టుట వ్యర్థమని ఆనకట్టల నీడన పెరిగిన కృష్ణా మండలమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఇంటి విషయమునను ధర్మ మదియే. దిద్దుబాటు కాగితముపై నున్నంతకాలము అది వివేకము. గోడమీదికి వచ్చిన పిదప అది నష్టము. పొరుగువాని వాకిటిలోనికి పోయిన పిదప అది అపరాధము. ఈ మూడింటిలో మొదటిదానిని సులభము చేయుట పాలకుల విధి. దానితోనే తృప్తిపడుట పౌరుల విధి.